థీసిస్ రెఫరెన్సులకి ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఏది వాడాల?

ప్రశ్న (కడప): అన్నా, రేనాటి శాసనాల మీద పీహెచ్‌డీ చేస్తున్నా. రెఫరెన్సులన్నీ చేత్తోనే టైప్ చేస్తున్నా, గైడు సారు స్టైల్ మార్చమంటే మళ్లీ మొదట్నుంచీ దిద్దాల. డబ్బులు కట్టకుండా దారి ఏమన్నా ఉందా?

జవాబు (అనంతపురం): జొటెరో వేసుకో తమ్ముడూ. 2006 నుంచి ఉంది, ఓపెన్ సోర్స్. ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీదుండే నంబరు) గానీ డీఓఐ (ఆన్‌లైన్ వ్యాసాలకిచ్చే నంబరు) గానీ కొడితే వివరాలు అదే తెచ్చుకుంటాది, వర్డ్‌లోనూ లిబ్రేఆఫీస్‌లోనూ పనిచేస్తాది, స్టైల్ ఒక్కచోట మారిస్తే థీసిస్ అంతా మారిపోతాది. పాత తెలుగు పుస్తకాలకి ఐఎస్‌బీఎన్ ఉండదు, అవి మనమే ఎక్కించుకోవాల.

జవాబు (కర్నూలు): తెలుగు పేర్ల కాడ జాగ్రత్తప్పా. జొటెరోలో రచయిత పేరుకి లాస్ట్, ఫస్ట్ అని రెండు గళ్లుంటాయి, లాస్ట్‌లో ఇంటిపేరు పెడితే లిస్టులో దాని పక్కన కామా పడుతుంది, వ్యాసం మధ్యలో ఉట్టి ఇంటిపేరే వస్తుంది, మనోళ్లని అట్ల పిలవం కదా. పక్కన చిన్న బటన్ నొక్కితే ఒకటే గడి అవుతుంది, పేరు మొత్తం దాంట్లో రాసెయ్.

ప్రశ్న (కడప): చాలా థాంక్స్ అన్నా. ఇంట్లో ఒక కంప్యూటరు, లైబ్రరీలో ఒకటి, రెండిట్లో కుదురుతుందా?

జవాబు (అనంతపురం): అకౌంట్ తెరిస్తే ఎంట్రీలు ఎన్నైనా ఫ్రీగా సింక్ అవుతాయి. పీడీఎఫ్‌లకి మాత్రం 300 ఎంబీనే, స్కాన్ చేసిన శాసన సంపుటాలు పెడితే ఊరికే నిండిపోతాది, అవి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకో.