మోకాలి ఆపరేషన్ తర్వాత అమ్మకు ఆరు రోజులుగా మోషన్ లేదు, నొప్పి మాత్రల వల్లేనా?

తెనాలి_అమ్మాయి:
మా అమ్మకు 64 ఏళ్లు. ఎడమ మోకాలి చిప్ప మార్చి ఇవాళ్టికి తొమ్మిదో రోజు. కుట్లు బాగున్నాయి, వాకర్‌తో హాల్లో నాలుగు అడుగులు వేస్తోంది, కానీ ఆరు రోజులుగా మోషన్ లేదు. ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన మాత్ర రోజుకు మూడు రాశారు, దాంతోపాటు ఐరన్, కాల్షియం, గ్యాస్ మాత్ర. డిశ్చార్జి రోజు గాయం గురించి పావుగంట చెప్పారు గానీ ఈ సంగతి ఒక్కళ్లూ ఎత్తలేదు. అరటిపళ్లు పెట్టాను, బొప్పాయి పెట్టాను, మూడు రోజులుగా రాత్రిపూట ఇసబ్‌గోల్ రెండు చెంచాలు ఇస్తున్నాను, పొట్ట ఇంకా బిగుసుకుపోయింది తప్ప ఏం లాభం లేదు. నిన్న బాత్రూంలో 40 నిమిషాలు కూర్చుని చెమటలు కక్కుకుంటూ బయటికొచ్చి "నొప్పి అయినా భరిస్తాను గానీ ఇది నా వల్ల కాదు, ఆ మాత్ర ఇక వెయ్యకు" అంది. మాత్ర మానేస్తే ఫిజియోథెరపీ అతను కాలు వంచినప్పుడు వీధంతా వినపడేలా అరుస్తుంది. మా పెద్దమ్మేమో ఆముదం తాగించమంటోంది. ఏం చెయ్యాలో తోచట్లేదు.

వార్డు_సిస్టర్:
ఆర్థో వార్డులో 11 ఏళ్లుగా చేస్తున్నాను. ముందు రెండు విషయాలు చెప్పండి, కింద నుంచి గ్యాస్ పోతోందా, వాంతులేమన్నా ఉన్నాయా? గ్యాస్ కూడా పోకుండా పొట్ట డప్పులా ఉబ్బి వాంతులవుతుంటే ఇక్కడ జవాబుల కోసం చూడకండి, ఈ రాత్రికే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అవేవీ లేకపోతే మీ అనుమానం నిజమే. ట్రమడాల్ మార్ఫిన్ జాతి మందు. ఈ జాతి మందులు మెదడులో నొప్పిని ఏ తలుపుల దగ్గర అడ్డుకుంటాయో సరిగ్గా అలాంటి తలుపులే పేగు గోడలో కూడా ఉన్నాయి, అక్కడా కూర్చుంటాయి. దాంతో పేగు కదలిక మందగిస్తుంది. లోపల ఎంతసేపు నిలిస్తే అంత నీరు పీల్చేసుకుని మలం రాయిలా అవుతుంది. మగత, వికారం లాంటివి కొద్ది రోజులకు ఒంటికి అలవాటైపోతాయి, ఇది మాత్రం అలవాటు కాదు, మాత్ర వేసినన్నాళ్లూ ఉంటుంది. అందుకే విరేచనం మందు కూడా నొప్పి మాత్రతో పాటు మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి. మీకు రాయకపోవడం తప్పే.

ఇసబ్‌గోల్ ఇవాళే ఆపేయండి. అది నీరు పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బినదాన్ని ముందుకు తోసే పని పేగుది, ఆ పేగే ఇప్పుడు నిద్రపోతోంది. పూడిపోయిన కాలవలో ఇంకో తట్ట మట్టి పోసినట్టు. రేపు పొద్దున్నే మీ డాక్టరుకు ఫోన్ చేసి పేగును కదిలించే మాత్ర, అంటే బిసకోడిల్ గానీ సెన్నా గానీ, దాంతో పాటు మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్ వాడొచ్చా అని అడగండి. బిసకోడిల్ రాత్రి వేస్తే 6 నుంచి 12 గంటల్లో పనిచేస్తుంది. నమలకూడదు, పాలతో వెయ్యకూడదు. లాక్టులోజ్‌కు ఒకటి రెండు రోజులు పడుతుంది, మొదట్లో కాస్త గ్యాస్ పడుతుంది, భయపడొద్దు. ఆరు రోజులంటున్నారు కాబట్టి కింద గట్టిగా అడ్డుపడి ఉండొచ్చు, దానికి కింద నుంచి పెట్టే మాత్ర ఉంటుంది, మామూలుగా గంటలోపు ఫలితం తెలుస్తుంది. ఐరన్, కాల్షియం కొన్నాళ్లు ఆపొచ్చేమో అది కూడా అడగండి, అవి రెండూ బిగపట్టేవే.

కృష్ణాతీరం:
మా నాన్నగారు కేన్సర్‌తో ఇంట్లోనే ఉన్నప్పుడు మార్ఫిన్ మాత్రలు వాడాం. మూడో వారంలో నీళ్లలా విరేచనాలు మొదలయ్యాయి. హమ్మయ్య, కదిలింది అనుకుని, మరీ ఎక్కువైపోయేసరికి విరేచనాలు ఆగే మాత్ర కొనుక్కొచ్చి వేశాను. ఇంటికొచ్చే నర్సమ్మ గ్లవ్ వేసుకుని చూసి చెప్పింది, లోపల గట్టి ఉండ అడ్డంగా ఉంది, దాని పక్కనుంచి నీళ్లు కారుతున్నాయి అంతే అని. నేను వేసిన మాత్ర దాన్ని ఇంకా బిగించింది. ఇది చాలామందికి తెలియదు, అందుకే రాస్తున్నాను. ఆ తర్వాత పాల ప్యాకెట్ల లెక్క రాసే క్యాలెండర్ మీదే తేదీ పక్కన "మో" అని రాయడం మొదలుపెట్టాను. మూడు రోజులు "మో" లేకపోతే ఫోన్ చేసేవాణ్ని.

పల్లె_వైద్యం:
ఇన్ని ఇంగ్లిష్ మందులెందుకండీ, నేలతంగేడు ఆకు పొడి గోరువెచ్చటి నీళ్లలో వేసి తాగిస్తే తెల్లారేసరికి ఫ్రీ అవుతుంది. మా నాయనమ్మ కాలం నుంచీ అదే. ఆముదం కూడా మంచిదే, పెద్దమ్మ చెప్పింది తప్పేం కాదు.

వార్డు_సిస్టర్:
అన్నా, నేను పైన చెప్పిన సెన్నా మీ నేలతంగేడే, సునాముఖి అంటారే అదే. కాకపోతే మాత్రలో ఎంత మందు ఉందో అట్ట మీద రాసి ఉంటుంది, చెంచాడు పొడిలో ఎంత ఉందో ఎవరికి తెలుసు. ఆముదం మాత్రం ఈమెకు వద్దే వద్దు. మెలిపెట్టే నొప్పితో ఒక్కసారిగా వస్తుంది, తొమ్మిది రోజుల కిందట మోకాలు కోయించుకున్న మనిషి వాకర్ పట్టుకుని బాత్రూంకి పరుగెత్తలేదు. పడిందంటే మళ్లీ మా వార్డుకే వస్తుంది.

రెండు_మోకాళ్లు:
నాకు రెండూ మార్చారు అమ్మా, అందుకని ఒక మాట. మీ అమ్మగారు రోజుకు ఎన్ని నీళ్లు తాగుతోందో అడిగావా? అడిగినా నిజం చెప్పదు, నువ్వే సీసా పెట్టి చూడు. రాత్రి లేవాల్సి వస్తుందని భయపడి నేను సాయంత్రం అయిదు తర్వాత గుక్క కూడా తాగేదాన్ని కాదు. ఆవిడకు గుండె, కిడ్నీ జబ్బులేవీ లేకపోతే పొద్దుటి నుంచే కాస్త కాస్తగా తాగించు. కమోడ్ మీద కూర్చుని కాళ్ల కింద పీట పెట్టుకోమని అందరూ చెబుతారు, మోకాలు ఇంకా వంగని ఈ రోజుల్లో అది కుదరదు, పైగా కమోడ్ మీద ఎత్తు సీటు కావాలి. పొద్దున కాఫీ, టిఫిన్ అయ్యాక అరగంటలోపు కూర్చోబెట్టు, తిన్నాక పేగు తనంతట తానే కాస్త కదులుతుంది. పదినిమిషాలు, అంతే, రాకపోతే లేచి వచ్చేయమను. ఇంకోటి, బయట నిలబడి "అయిందా అమ్మా" అని అడగొద్దు. మా కోడలు అలా అడిగిన ప్రతిసారీ నాకు వచ్చేది కూడా లోపలికి పోయేది.

తెనాలి_అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్. గ్యాస్ పోతోంది, వాంతులు లేవు. పొద్దున్నే ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టరు కింద నుంచి పెట్టే మాత్ర ఒకటి, రాత్రికి బిసకోడిల్, సిరప్ చెప్పారు, ఐరన్ రెండు వారాలు ఆపమన్నారు. ఆ మాత్ర పెట్టిన ముప్పావు గంటకు కొంచెం, ఇవాళ తెల్లవారుజామున బాగా అయింది. వారం తర్వాత పెసరట్టు అడిగి తింది. నీళ్ల సంగతి నిజమే అక్కా, రోజంతా కలిపి మూడు గ్లాసులు దాటట్లేదు, అడిగితే "నిన్ను నిద్ర లేపడం ఎందుకని" అంది. ట్రమడాల్ ఉన్న మాత్ర ఇక ఫిజియోకు ముందు ఒకటి, రాత్రి ఒకటి చాలని, మధ్యాహ్నం ఉత్త పారాసిటమాల్ వేయమని చెప్పారు.

వార్డు_సిస్టర్:
మంచిది. నొప్పి మాత్ర ఉన్నన్నాళ్లూ సిరప్ ఆపొద్దు, మోషన్ అయింది కదా అని మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. మధ్యాహ్నం పారాసిటమాల్ అన్నారు కాబట్టి ఒకటి చూసుకోండి, ఆ కలిపిన మాత్రలో కూడా పారాసిటమాల్ ఉంది. జ్వరమనో తలనొప్పనో పైన ఇంకోటి వేసేముందు రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి మొత్తం ఎంతవుతుందో లెక్క కట్టండి.