అప్‌డేట్: పీఎల్‌సీకి చివరి డ్రైవ్ జవాబివ్వకపోవడం

పీఎల్‌సీ (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంప్యూటర్) నుంచి మూడు డ్రైవ్‌లకు (మోటార్ల వేగాన్ని నియంత్రించే పరికరాలకు) ఆర్‌ఎస్-485 అనే రెండు తీగల లైను మీద మోడ్‌బస్ అనే సందేశాల పద్ధతి నడుస్తోందనీ, మోటార్లు తిరగడం మొదలవగానే చివరి డ్రైవ్ టైమ్‌అవుట్ ఇస్తోందనీ అడిగాను కదా. సమస్య తీరింది.

ఆ లైనులోని ఎ, బి తీగలు తారుమారయ్యాయేమో చూడమని చాలామంది చెప్పారు. అదే అయితే అసలు జవాబే రాకూడదు. మాకు వచ్చి వచ్చి ఆగిపోయేది. అందుకే పవర్ మొత్తం తీసేసి, ఎ–బి మధ్య మల్టీమీటర్ పెట్టాను. సిగ్నల్ కొసల్లో తగిలి వెనక్కి రాకుండా లైను రెండు కొసల్లో ఒక్కో 120 ఓమ్‌ల రెసిస్టర్ పెడతారు; ఆ రెండే ఉంటే దాదాపు 60 ఓమ్‌లు చూపాలి. చూపింది 40! అంటే మూడోది ఎక్కడో దాక్కుంది. మధ్య డ్రైవ్ మూత తీస్తే, టెర్మినళ్ల పక్కన ఆ డ్రైవ్ లోపలి రెసిస్టర్‌ను లైనుకు కలిపే గోరంత డిప్ స్విచ్ ఆన్‌లో ఉంది. మాన్యువల్‌లో ఆ ముక్కను ఎక్కడో చివరి పేజీల్లో ఇరికించారు.

దాన్ని ఆఫ్ చేశాక బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. మోటారు కేబుళ్ల విద్యుత్ అలజడి సోకకుండా, అవి ఉన్న ట్రేలోంచి ఈ కేబుల్‌ను తప్పించి, షీల్డ్‌ను (తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగును) ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేశాం. బాడ్ రేటు (డేటా పంపే వేగం) 9600, ఈవెన్ పారిటీ (తప్పుల్ని పట్టే అదనపు బిట్) అలాగే ఉన్నాయి; వేగం తగ్గించాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు మూడు మోటార్లూ ఒకేసారి తిరగడం మొదలుపెట్టినా ఎర్రర్ కౌంటర్ కదలడం లేదు.