అప్‌డేట్: నల్గొండలో పొటాషియం 5.9 వచ్చిందని హార్మోన్లు ఆపించిన్రు, అసలు సంగతి తేలింది

ట్రాన్స్ మహిళను. స్పైరోనోలాక్టోన్ (మగ హార్మోన్‌ను అడ్డుకునే మందు, పొటాషియం పెంచొచ్చు) 100 ఎంజీ, ఎస్ట్రడయాల్ వాలరేట్ (ఆడ హార్మోన్) 4 ఎంజీ వాడుతున్న. పొటాషియం ఎక్కువుందని ఇక్కడి డాక్టర్ రెండూ బంద్ చేయించిన్రు, మళ్లీ రాసేవాళ్లు దొరకట్లేదు, ఏం చేయాలని ఇంతకుముందు పోస్టుల అడిగిన. జవాబిచ్చిన అక్కలకు, అన్నలకు థాంక్స్.

"ముందు రక్తం మళ్లీ పరీక్ష చేయించు" అన్న సలహానే పనికొచ్చింది. హైదరాబాద్‌ల ఉస్మానియా ట్రాన్స్‌జెండర్ క్లినిక్‌కు పాత ప్రిస్క్రిప్షన్లు, రిపోర్టులు పట్టుకొని పోయిన. అక్కడే రక్తం తీసి వెంటనే పరీక్షిస్తే పొటాషియం 4.4, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలే. మొదటి శాంపిల్ నల్గొండల తీసి, సీరం వేరు చేయకుండానే సిటీకి పంపిన్రట. ఆలస్యమైతే రక్తకణాల్లోంచి పొటాషియం బయటికొచ్చి అంకె పెరుగుతది. రిపోర్టుల "హీమోలైజ్డ్" (రక్తకణాలు పగిలినయ్) అని చిన్నగ రాసి ఉన్నది కానీ, ఎవరూ చూడలే.

స్పైరోనోలాక్టోన్ 50తో మొదలుపెట్టిన్రు, పొటాషియం చూసి పెంచుతరట. ఎస్ట్రడయాల్ అసలు ఆపాల్సిందే కాదు, అది పొటాషియం పెంచదు. లో-సోడియం ఉప్పు మాత్రం వద్దన్నరు, అందుల పొటాషియం క్లోరైడ్ ఉంటది.

రిపోర్టుల హిమోగ్లోబిన్ 12.6కు "తక్కువ" అని కూడా వచ్చింది, దానికి కారణం వేరే: ల్యాబ్ మగవాళ్ల రేంజ్‌తో పోల్చింది. టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) తగ్గితే హిమోగ్లోబిన్ ఆడవాళ్ల రేంజ్‌కు దిగుతది.

కలెక్టర్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు వచ్చేదాకా ఆగమన్నరు కొందరు. మందులకు దాన్ని ఎవరూ అడగలే.