సీజన్ ట్రెండ్ బట్టలు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు ఏం చూసి కొంటున్నారు?

గళ్ళచొక్కా:
సీజన్ మారిందంటే చాలు, ఫోన్ తెరిస్తే అందరి ఒంటి మీదా ఒకే రకం బట్టలు. ఈసారి నా కన్ను వెడల్పు కాళ్ళ జీన్స్ మీద, గోధుమరంగు స్వేడ్ (మెత్తటి నూగు ఉండే తోలు) జాకెట్ మీద పడింది. రెండు సీజన్లు వేసి పక్కన పడేసేదానికి కొత్తవాటి రేటు పెట్టబుద్ధి కావట్లేదు. పోనీ వాడినవి చూద్దామంటే, ఆ పేరు కొట్టి వెతికితే కొత్తదానికీ దీనికీ రేటులో పెద్ద తేడా కనబడట్లేదు. అలవాటున్నవాళ్ళు ఎలా కొంటున్నారో చెప్పండి. ముఖ్యంగా బట్టలో ఇంకా జీవం ఉందో లేదో ఎలా పట్టుకుంటారు?

సూదీదారం:
ట్రెండ్ పేరు పెట్టి వెతికితే ట్రెండ్ రేటే వస్తుందండీ. అమ్మేవాళ్ళు కూడా మనం చూసే రీల్సే చూస్తున్నారు. ఆ పేరు తెలియని మనిషి తన బీరువా ఖాళీ చేస్తూ ఉత్త 'బ్రౌన్ జాకెట్' అని రాసి పెడతాడు చూడండి, మీకు కావాల్సింది అక్కడ దొరుకుతుంది. జీన్స్‌కైతే ఫ్లేర్, బ్యాగీ, బూట్‌కట్ లాంటి పాత పేర్లు కూడా కొట్టి చూడండి. మగవాళ్ళ విభాగం, పెద్ద సైజుల విభాగం వదలొద్దు.

ఇంకోటి, టైమింగ్. పెద్ద ఫ్యాషన్ షోలన్నీ, అంటే న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్, వచ్చే వేసవి బట్టల్ని సెప్టెంబర్, అక్టోబర్‌లోనే చూపించేస్తాయి. చలికాలపువి ఫిబ్రవరి, మార్చిలో. అవి షాపుల్లోకి రావడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. ఆలోపు వాడిన బట్టల రేట్లు ఇంకా పెరిగి ఉండవు. కోటు ఎండల్లో కొనాలి, లినెన్ చలిలో కొనాలి. నేను చేసేది అంతే.

నీలిజీన్స్:
రంగుల విషయం కూడా ఇంతే. పాంటోన్ అని రంగులకి నంబర్లు, పేర్లు పెట్టే కంపెనీ ఉంది, వాళ్ళు వచ్చే ఏడాది రంగు ఏమిటో ముందటి డిసెంబర్‌లోనే చెప్పేస్తారు. 2025కి మోకా మూస్ అన్నారు, అంటే పాలు కలిసిన గోధుమరంగు. ఆ రంగు స్వెటర్లు, ప్యాంట్లు వాడిన బట్టల్లో ఎప్పుడూ కుప్పలే. కొత్తగా పేరు పెట్టారు తప్ప రంగు పాతదే కదా!

జీన్స్ చూసేటప్పుడు ముందు తొడల లోపలి వైపు చూడండి. అక్కడ రాసుకుని రాసుకుని బట్ట పలచబడుతుంది. దీపానికి అడ్డంగా పట్టుకుంటే పోగుల మధ్య వెలుతురు కనబడుతుంది. కనబడితే పక్కన పెట్టేయండి, చిరగడానికి రోజులు దగ్గర పడ్డట్టే. సాగే జీన్స్ అయితే మోకాలి దగ్గర పట్టి లాగి వదలండి. మళ్ళీ బిగుసుకోకుండా అలలు అలలుగా నిలబడిపోతే లోపలి ఎలాస్టేన్, అంటే సాగే దారం, పోయినట్టు. దాన్ని ఏ టైలరూ బాగు చేయలేడు. జిప్పు, గుండీ, పాదాల అంచు లాంటివి పోయినా భయం లేదు, మార్పించుకోవచ్చు.

గళ్ళచొక్కా:
పాత లీవైస్ కంపెనీ జీన్స్ అని చెప్పి చాలా ఎక్కువ అడుగుతున్నారు ఒకాయన. నిజంగా పాతదో కాదో తెలుసుకునే మార్గం ఉందా?

నీలిజీన్స్:
వెనక జేబు పక్కన ఎర్ర పట్టీ చూడండి. 1971కి ముందు దాని మీద పేరంతా పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండేది, ఆ తర్వాత 'ఈ' చిన్నదైంది. కానీ పాత మోడళ్ళని కంపెనీయే మళ్ళీ పెద్ద 'ఈ'తో తయారు చేసి అమ్ముతోంది. కాబట్టి ఎర్ర పట్టీ ఒక్కటే చూసి డబ్బులు ఇవ్వకండి, లోపలి ఉతుకు లేబుల్ ఫొటో కూడా అడగండి. ఇవ్వను అంటే అక్కడే ఆగిపోండి.

బీరువాతాళం:
స్వేడ్ జాకెట్ అన్నారు కాబట్టి రాస్తున్నా, కాస్త పొడుగైనా చదవండి.

అసలు స్వేడ్, నకిలీ స్వేడ్, పీయూ లెదర్ (బట్ట మీద ప్లాస్టిక్ పొర వేసిన నకిలీ తోలు), ఈ మూడూ ఫొటోలో ఒకేలా ఉంటాయి. అసలుదైతే కుట్టని అంచు దగ్గర పీచు కనబడుతుంది, చేత్తో ఒకవైపు నిమిరితే రంగు కాస్త ముదిరినట్టు మారుతుంది. దానికి శత్రువు కాలర్ జిడ్డు. మెడ తగిలే చోట నల్లగా నిగనిగలాడుతుంటే అది పూర్తిగా పోదు. నకిలీ స్వేడ్ ఎక్కువగా పాలిస్టర్, ఉతుక్కోవచ్చు. తక్కువకి వస్తే నన్నడిగితే అదేమీ చెడ్డ బేరం కాదు.

జాగ్రత్త పడాల్సింది పీయూతో. గాల్లో తేమ తగిలి ఆ పొర తనంతట తనే చిట్లిపోతుంది. వేసుకున్నా, వేసుకోకపోయినా. అందుకే 'ఒక్కసారి కూడా వేసుకోలేదు, అయిదారేళ్ళుగా బీరువాలోనే ఉంది' అని ఎవరైనా గొప్పగా చెబితే నేను వెనక్కి తగ్గుతాను. కాలర్ మడత, మోచెయ్యి, చంక కింద కుట్టు, ఈ చోట్ల రెండు వేళ్ళతో మెల్లగా వంచి చూడండి. సన్నటి గీతలు వచ్చాయంటే వచ్చే సీజన్‌కి పొలుసులు రాలతాయి. బూట్ల పీయూ అడుగులు కూడా ఇంతే, నాలుగడుగులు వేయగానే పొడి పొడిగా రాలిపోయినవి చూశాను.

ఒక యాప్‌లో ఇలాంటి జాకెట్‌నే 'ప్యూర్ లెదర్' అని అంటగట్టారు నాకు. వాపసు అడిగితే ఫొటోలు పంపమన్నారు, పంపాక పలకడం మానేశారు.

రాత్రిరైలు:
కంపు సంగతి ఎవరూ చెప్పరేం?

సూదీదారం:
కలరా ఉండల వాసనా, చెమట వాసనా? మొదటిదైతే ఉతకగానే పోదు. నీడలో, బాగా గాలి తగిలే చోట లోపలి వైపు బయటికి తిప్పి రోజుల తరబడి వేలాడదీయాలి. పైన సెంటు కొడితే రెండూ కలిసి ఇంకా దరిద్రం.

చంకల దగ్గర పసుపు మరకలు వేరే కథ. డియోడరెంట్‌లోని అల్యూమినియం లవణాలు చెమటతో కలిసి పట్టుకుంటాయి. తెల్లచొక్కా కదా అని క్లోరిన్ బ్లీచ్ వేస్తే మరక ఇంకా ముదురుతుంది. సోడియం పర్‌కార్బొనేట్ (క్లోరిన్ లేని బ్లీచ్ పొడి) గోరువెచ్చని నీళ్ళలో కలిపి నానబెట్టండి, కాటన్‌కి బాగా పనిచేస్తుంది. ఉన్నికీ పట్టుకీ మాత్రం వద్దు.

దారితప్పినగుండీ:
అందరూ ఎలా కొనాలో చెబుతున్నారు, అసలు కొనాలా అని ఒక్కరూ అడగలేదు. సీజన్‌కో ట్రెండ్ వెంట పడుతూ, వాడినవే కదా అని బస్తాలు నింపుకుంటే బీరువాకి తేడా ఏముంది?

జేమ్స్ లేవర్ అనే బ్రిటిష్ దుస్తుల చరిత్రకారుడు 1937లో సరదాగా ఒక లెక్క ఇచ్చాడు. ఫ్యాషన్ పోయిన ఏడాదికి నాసిగా కనబడుతుందట, 10 ఏళ్ళకి వికారంగా, 20కి నవ్వు పుట్టించేలా, 50కి వింతగా, 70కి ముచ్చటగా, 150కి అందంగా. ఇప్పుడు 20 ఏళ్ళకే ముచ్చటైపోతున్నాయి, 2000 నాటి నడుము కిందికి జారే జీన్స్ చూడండి.

గళ్ళచొక్కా:
మీ మాట కాదనను. జీన్స్ నాకు నిజంగా కావాలి, ఉన్నవి బిగుతైపోయాయి. జాకెట్ మీద మోజు మాత్రం మోజే, ఒప్పుకుంటా. దాన్ని వేసవిలో చూస్తా, అప్పటికీ కావాలనిపిస్తే. సైజు సంగతి ఎవరైనా చెప్పండి, లేబుల్ మీద నంబరు నమ్మొచ్చా?

బీరువాతాళం:
వద్దు. కంపెనీకో లెక్క, కాలానికో లెక్క. మీకు సరిగ్గా సరిపోయే జీన్స్ ఒకటి నేల మీద పరిచి నడుము, తొడ, కాలి లోపలి పొడుగు, కింది వెడల్పు కొలిచి రాసుకోండి. అమ్మేవాళ్ళని అవే అడగండి. నడుము కాస్త లూజుంటే టైలర్ దగ్గర బిగింపించుకోవచ్చు. బిగుతుంటే మాత్రం లోపలి కుట్టులో బట్ట వదిలి ఉంటేనే విప్పగలరు, రెడీమేడ్‌లో అది ఉండటం తక్కువ.

రాత్రిరైలు:
కంపు పోయింది, థాంక్స్. ఇంకో టెన్షన్, ఉన్ని స్వెటర్‌లో సన్న చిల్లులు కనబడ్డాయి. మిగతా బట్టలకి పాకుతాయా?

సూదీదారం:
పాకొచ్చు, అది బట్టల పురుగు పని. ఎగిరే పురుగు తినదు, దాని పిల్లలు తింటాయి. ఉన్ని, పట్టు వాటికి ఇష్టం. ఉత్త కాటన్ జోలికి పెద్దగా పోవు, చెమటో మరకో ఉంటే తప్ప. స్వెటర్‌ని గాలి చొరని సంచిలో కట్టి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక బాగా దులపండి. అది పెట్టిన అరని కూడా మూలమూలలా వాక్యూమ్ చేయండి, గుడ్లు మిగిలేది అక్కడే. చిల్లులు చిన్నవైతే అదే రంగు ఉన్ని దారంతో రఫూ చేయించండి (చిల్లు మీద దారంతో అల్లి పూడ్చడం), దగ్గరగా చూస్తే తప్ప తెలియదు.