శనివారం మన తెలుగువాళ్ళ కార్యక్రమానికి (మొదటి ప్రపంచయుద్ధం సైనికుల జోకులు, పాటల స్కిట్) హాలు ఇవ్వనంటున్నారు. ఇవాళ రాత్రిలోగా అందరూ చూడండి

కార్యదర్శి, మంగళవారం రాత్రి 8:10
హాలు వాళ్ళ మెయిల్ ఇప్పుడే వచ్చింది. బుకింగ్ రద్దు. గొడవంతా పోస్టర్ గురించే. మర్నాడు రిమెంబరెన్స్ సండే, అంటే ఇక్కడ ఇంగ్లండులో యుద్ధాల్లో పోయినవాళ్ళను తలుచుకునే రోజు పెట్టుకుని, 'కందకాల్లో నవ్వులు' అని రాసి పళ్ళికిలించే సైనికుడి బొమ్మ వేశామట. అదే హాల్లో కలుసుకునే మాజీ సైనికులు నొచ్చుకున్నారట. అడ్వాన్సు తిరిగిచ్చేస్తారు. స్టేజి, సౌండ్, భోజనాలు, పిల్లల డాన్సు, పార్కింగు లిస్టు నిన్ననే పెట్టాను, కానీ ముందు చోటు సంగతి తేల్చండి.

వంట అక్క, 8:14
180 మందికి బిర్యానీ చెప్పేశాను. క్యాటరర్‌కి ఇప్పుడు ఏ అడ్రసు ఇవ్వాలి?

కోశాధికారి, 8:21
మొదటి మీటింగ్‌లోనే మొత్తుకున్నాను. దీపావళి పాటలు, భోజనాలు పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండేదా? ఎవరి యుద్ధమో, ఎవరి జోకులో. తెలుగువాళ్ళ చందా డబ్బుతో తెల్లవాళ్ళ తాతల పాటలా?

స్క్రిప్టు తమ్ముడు, 8:40
అన్నా, ఊరు బ్రైటన్ అని మర్చిపోతున్నారు. 1914 డిసెంబరు నుంచి మన దేశపు సైనికులు గాయాలతో పడి ఉన్నది ఇక్కడి రాయల్ పెవిలియన్‌లోనే, ఆ పాత రాజమహల్‌ను అప్పుడు ఆసుపత్రి చేశారు. చనిపోయిన హిందువులను, సిక్కులను 53 మందిని దహనం చేసింది ఊరి బయట కొండ మీద, ఇప్పుడు ఛత్రి అనే వాళ్ళ స్మారకం ఉన్నచోట. వాళ్ళ ఉత్తరాలను సెన్సారు వాళ్ళు విప్పి చదివేవారు. అందుకే కొందరు కిరాణా లెక్క రాసినట్టు రాసేవారు. నల్ల మిరియాలు అయిపోయాయి, ఇక ఎర్ర మిరియాలు వాడుతున్నారు అని. నల్లవి అంటే మనవాళ్ళు, ఎర్రవి అంటే తెల్ల సైనికులు. చావుల లెక్కను ఇంటికి అలా చేరవేశారు. స్కిట్ మొదలయ్యేదే ఈ ఉత్తరంతో. ఇది తెల్లవాళ్ళ తాతల జోకా?

తెలుగువాళ్ళ సంగతీ చెబుతాను. ఫ్రాన్స్‌లో ఉన్నది ఎక్కువగా పంజాబీలు, గఢ్వాలీలు, గూర్ఖాలు, పఠాన్లు. లేనివాళ్ళను తెచ్చి స్టేజి ఎక్కించను. సైన్యానికి దారులు, వంతెనలు కట్టే మద్రాసు సాపర్లలో తెలుగువాళ్ళు ఉన్నారు, ఆ దళం మెసొపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్ వెళ్ళింది. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని ఊరికే అంటారా? వాళ్ళకు ఒక సీను ఉంది.

కోశాధికారి, 8:46
పాఠం బాగుంది. హాలు ఎక్కడ?

స్క్రిప్టు తమ్ముడు, 8:47
మీరు స్క్రిప్టు చదివారా అసలు? ఫైలు పంపి నెల దాటింది. ఎంతసేపూ రసీదులేనా?

అధ్యక్షురాలు, 8:55
ఇద్దరూ ఆపండి. తమ్ముడూ, హాలు వాళ్ళకు పంపడానికి నాలుగు ముక్కలు రాసివ్వు. మనం వెక్కిరించడం లేదని వాళ్ళకు అర్థం కావాలి.

స్క్రిప్టు తమ్ముడు, 9:30
అక్కా, ఇదిగో. ఇంగ్లీషులోకి మీరే మార్చండి.

ఈ జోకులేవీ మేం పుట్టించినవి కావు. 1916 ఫిబ్రవరిలో బెల్జియంలోని ఈప్ర్ పట్టణం శిథిలాల్లో ఒక ప్రింటింగ్ మిషన్ దొరికితే, బ్రిటిష్ సైన్యంలోని షెర్వుడ్ ఫారెస్టర్స్ 12వ బెటాలియన్ వాళ్ళు దాని మీద సొంత పత్రిక వేసుకున్నారు. ఆ ఊరి పేరు నోరు తిరగక 'వైపర్స్' అనేవారు, పత్రికకూ అదే పేరు. దాంట్లో వేళాకోళపు ప్రకటనలు బోలెడు. ఆశావాదం అనే జబ్బు తగిలిందా, మా దగ్గర మందుంది అని ఒకటి. నల్ల పొగతో పేలే పెద్ద గుండుకు జాక్ జాన్సన్ అని అప్పటి బాక్సింగ్ చాంపియన్ పేరు పెట్టారు. ప్రాణం పోకుండా ఇంటికి పంపేపాటి దెబ్బ తగిలితే 'బ్లైటీ' దొరికిందని సంబరపడేవారు. ఆ మాట మన విలాయతీయే. మనవాళ్ళకు మాత్రం అంత అదృష్టం లేదు, ఇక్కడ నయమైతే చాలామందిని మళ్ళీ ఫ్రాన్స్‌కే పంపేవారు.

పాటలూ అంతే. న్యూ ఇయర్ రాత్రి అందరూ పాడే స్కాట్లాండ్ బాణీలో, ఇక్కడెందుకున్నాం అంటే ఇక్కడున్నాం కాబట్టి అని ఒకే ముక్కను తిప్పి తిప్పి పాడేవారు. అధికారుల మీద పాటలు ఇంకా ఘాటు, అవి పిల్లల ముందు పాడలేం.

సౌండ్ బాబాయ్, 9:34
ఈలోపు మా క్రికెట్ క్లబ్బు పెవిలియన్ అడిగాను. శనివారం ఖాళీయే. 90 మంది పడతారు. వంటగది లేదు, స్టేజి లేదు, మైకు నా బండిలో ఉంది.

కార్యదర్శి, బుధవారం ఉదయం 10:05
హాలు ఆవిడ ఫోన్ చేశారు. అధ్యక్షురాలు అక్క మెయిల్ చూపిస్తే ఆ మాజీ సైనికులు నవ్వారట. వాళ్ళకు నచ్చనిది ఆ బొమ్మ ఒక్కటే, పాటలన్నీ నోటికి వచ్చట. కానీ ఈలోపే హాలు వేరే పుట్టినరోజుకు ఇచ్చేశారు. ఆ మాజీ సైనికుల్లో ఒకాయన మన దగ్గరికి వచ్చి పాడతానన్నారు. వాళ్ళ తాత ఈప్ర్‌లో పనిచేశారట. పాడకూడని చరణాలు తనే వదిలేస్తారట.

సౌండ్ బాబాయ్, 10:12
ఆయన్ను నేను తీసుకొస్తా. అవి బండిలో పాడించుకుంటా.

వంట అక్క, 10:20
క్యాటరర్‌ను బతిమాలి 90కి తగ్గించాను. ప్లేట్లలో వడ్డించడం కుదరదు, అన్నీ డబ్బాల్లో వస్తాయి. పులిహోర నేను చేస్తా. డాన్సు పిల్లల తల్లులూ, పైన్ చెక్క ఫ్లోర్ మీద గజ్జెలు కట్టకండి, క్లబ్బు వాళ్ళ ఆర్డరు.

స్క్రిప్టు తమ్ముడు, 10:31
స్టేజి లేకపోతే మరీ మంచిది. బెంచీలు అడ్డం పడేసి కందకం చేస్తా. 'జాక్ జాన్సన్' మోతకు నాలుగు ఖాళీ రేకు డబ్బాలు కావాలి.

కోశాధికారి, 11:15
పెవిలియన్ డిపాజిట్ కట్టేశాను. మా ఇంట్లో నూనె డబ్బాలు రెండున్నాయి, తెస్తా. ఆ మాధవరం సీన్లో సుబేదారు వేషం ఎవరిది? యూనిఫాం కొనడానికి డబ్బుల్లేవు, ముందే చెబుతున్నా.

స్క్రిప్టు తమ్ముడు, 11:17
ఇంకా ఎవరూ దొరకలేదన్నా. మీసం ఉన్నవాళ్ళు కావాలి.

కోశాధికారి, 11:40
డైలాగులు ఎన్ని?