హనుమకొండలో తొమ్మిదేళ్లు నడిపినా ఇక్కడ కొత్త డ్రైవరేనట!

నయీంనగర్ తమ్ముడు:
అందరికీ నమస్తే. మూడు నెలల కింద ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లోని రీడింగ్‌కు వచ్చాను. ఇండియా లైసెన్స్ ఉంది, ఇంటి దగ్గర తొమ్మిదేళ్లు కారు నడిపాను, ఒక్క క్లెయిమ్ లేదు, నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతానికి చేరింది. ఇక్కడ 3,000 పౌండ్లకు పాత చిన్న కారు చూసుకుంటే ఇన్సూరెన్స్‌కు ఏడాదికి 2,300 అడుగుతున్నారు! ఆఫీసులో ఒకాయన "లైసెన్స్ రకం దగ్గర యూకే అని పెట్టెయ్, సగం తగ్గుతుంది" అన్నాడు. పెట్టొచ్చా? ఇంకోటి, హనుమకొండలో నా కారు బావమరిదికి అమ్మేశాను, పాలసీ ఇంకా నా పేరు మీదే ఉంది, ఏమైనా కిరికిరి అవుతుందా?

కాజీపేట జంక్షన్:
తమ్మీ, ఆ యూకే అని పెట్టే పని మాత్రం చెయ్యకు. డబ్బు కట్టించుకునేటప్పుడు ఎవరూ ఏమీ అడగరు, గుద్దుకున్నాక లైసెన్స్ కాపీ అడుగుతారు, అప్పుడు కావాలనే తప్పు చెప్పావని తేలితే పాలసీనే చెల్లదంటారు. తర్వాత ఏ కంపెనీకి వెళ్లినా "గతంలో మీ పాలసీ ఎవరైనా రద్దు చేశారా" అన్న ప్రశ్న ఉంటుంది, జవాబు రాసుకుంటూ కూర్చోవాలి. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే 300 పౌండ్లు జరిమానా, లైసెన్స్ మీద 6 శిక్ష పాయింట్లు. ఇక్కడ టెస్ట్ పాసైన మొదటి రెండేళ్లలో 6 పాయింట్లు పడితే లైసెన్సే పోతుంది.

అసలు తేడా ఎక్కడంటే, మన దగ్గర థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి కట్టే) ప్రీమియం ఇంజిన్ సీసీని బట్టి, మిగతాది బండి విలువను బట్టి ఉంటుంది, నడిపేది ఎవరని పెద్దగా అడగరు. ఇక్కడ ముందు మనిషిని చూస్తారు: వయసు, ఉద్యోగం, ఇంటి పోస్ట్‌కోడ్, రాత్రి బండి ఎక్కడ పెడతావు, అన్నీ. హనుమకొండలో లాగా "అన్నా, చాబీ ఇయ్యి, చౌరస్తా దాకా పోయొస్తా" అంటే కుదరదు, పాలసీలో పేరు లేనివాడికి బండి ఇవ్వొద్దు.

కరీంనగర్ అక్క:
నాకూ మొదటి ఏడాది ఇదే ఏడుపు. ఇండియా బోనస్‌ను చాలా కంపెనీలు లెక్కలోకి తీసుకోవు, కానీ కొందరు బ్రోకర్లు చూస్తారు, ఫోన్ చేసి అడగాలి, వెబ్‌సైట్‌లో ఆ గడే ఉండదు. పాత కంపెనీ నుంచి బోనస్ లెటర్ ఇప్పుడే తెప్పించుకో. ఇక్కడ పనికిరాకపోయినా మూడేళ్లలోపు తిరిగి వెళ్లి కారు కొంటే ఇండియాలో పనికొస్తుంది.

ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి ఇండియా లైసెన్స్ మీద 12 నెలలే నడపొచ్చు. మనది నేరుగా మార్చి ఇవ్వరు, ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్ల) లైసెన్స్ తీసుకుని థియరీ, ప్రాక్టికల్ రెండూ పాసవ్వాలి. ప్రాక్టికల్ డేట్లు నెలల తరబడి దొరకవు, కాబట్టి థియరీ ఈ నెలే రాసెయ్. ఆటోమేటిక్‌లో పాసైతే మాన్యువల్ నడపలేవు, అదీ చూసుకో. నాకు ప్రీమియం గట్టిగా తగ్గింది యూకే లైసెన్స్ వచ్చాకే.

నయీంనగర్ తమ్ముడు:
థాంక్స్ అక్కా. మా ఆవిడను మెయిన్ డ్రైవర్‌గా పెడితే తక్కువ చూపిస్తోంది, రోజూ నడిపేది నేనే అయినా పర్వాలేదా?

కరీంనగర్ అక్క:
వద్దు, దాన్ని ఫ్రంటింగ్ అంటారు, అదీ మోసం కిందకే వస్తుంది. నిజంగా అప్పుడప్పుడు నడిపేటట్టయితే ఆమెను రెండో డ్రైవర్‌గా చేర్చు, ఒక్కోసారి తగ్గుతుంది. ఎక్సెస్ పెంచితే కూడా తగ్గుతుంది, కానీ బండికి దెబ్బ తగిలితే ఆ మొత్తం ముందు నీ జేబులోంచే పోతుంది, 3,000 బండికి 1,000 ఎక్సెస్ పెట్టుకుంటే ఇంకేం మిగులుతుంది?

కాజీపేట జంక్షన్:
హనుమకొండ కారు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఫారం 29, 30 పెట్టి ఆర్సీ మార్పించారా? మార్పిడి అయిన 14 రోజుల్లో పాలసీ కూడా బావమరిది పేరు మీదకు మార్చమని కంపెనీకి రాయాలి. బోనస్ నీది, కారుది కాదు, అందుకే ఆ తగ్గింపు పోయిన తేడా డబ్బు ఆయన కట్టాల్సి వస్తుంది. బావమరిదే కదా అని మొహమాటపడకు.

నయీంనగర్ తమ్ముడు:
ఆర్సీ ఇంకా నా పేరు మీదే ఉందన్నా. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా, అక్కడ రాత్రి పదకొండు దాటింది, తిడతాడేమో.