గోదావరి గేదె వేరే జాతా, గ్రేడెడ్ ముర్రానా (తరతరాలుగా ముర్రాతో కలిపి మార్చిన నాటు గేదెనా)? డీఎన్ఏ ఏం తేలుస్తుంది?

లంకగడ్డి: మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే దూడకి వస్తుంది. డెల్టాలోకి హర్యానా జాతి ముర్రా ఎక్కువగా వచ్చింది దున్నపోతుల ద్వారా, కృత్రిమ గర్భధారణ సూదుల ద్వారా. కాబట్టి ఇవాళ్టి గేదెలో కూడా నాటు తల్లి వంశమే కనబడాలి. వేరే జాతి అనడానికి అది చాలదా?

పడ్డదూడ: చాలదండి. అది 16,300 డీఎన్ఏ అక్షరాల ఒక్క తల్లి గీత, అంటే తల్లి వైపు వంశం మాత్రమే. వరసగా నాలుగు తరాలు ముర్రా సూది వేయిస్తే మిగతా డీఎన్ఏలో ముర్రా వాటా సగటున 50, 75, 87.5, 93.75 శాతం. తల్లి గీత నాటుదే, గేదె మాత్రం ముర్రాయే. హర్యానా గేదెల్నే కొనితెచ్చుకున్న ఊళ్లలో ఆ గీత కూడా నాటుది కాదు.

పాలక్యాను: మరి డీఎన్ఏలో ఎంచుకున్న గుర్తుల్ని ఒకేసారి చదివే చిప్ పెట్టి చూడొచ్చుగా?

లంకగడ్డి: 90 వేల గుర్తుల గేదె చిప్ మెడిటరేనియన్, ముర్రా, జాఫరాబాదీ, నీలి రావి జాతుల మీద తయారైంది. నాటు గేదెకే ప్రత్యేకమైన మార్పులు అందులో ఎక్కడుంటాయి? నాటు వైవిధ్యం ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. డీఎన్ఏ మొత్తం చదవాల్సిందే.

పడ్డదూడ: ముందు నమూనా సరిగా తీయాలి. ఒకే దున్న సూదికి పుట్టినవి ఊరంతా ఉంటాయి. వాటినే తీస్తే అవన్నీ ఒక గుంపుగా విడిపోయి కొత్త జాతిలా కనిపిస్తాయి. బంధుత్వం (రెండు గేదెల ఉమ్మడి డీఎన్ఏ వాటా) లెక్కగట్టి, అది 0.125 దాటిన జతలో ఒకదాన్ని తీసెయ్యాలి. రక్తం ఈడీటీఏ (గడ్డకట్టకుండా ఆపే మందు) గొట్టంలో 5 మి.లీ., ఎనిమిది పదిసార్లు మెల్లగా తిప్పాలి, గట్టిగా ఊపితే కణాలు పగులుతాయి. అలాంటిదే ఇంకో మందు హెపారిన్ ఉన్న గొట్టం వద్దు, డీఎన్ఏ నకళ్లు తీసే పీసీఆర్‌కి అడ్డుపడుతుంది.
ఎప్పుడు కలిసిందో కూడా తేలుతుంది. ముర్రా నుంచి వచ్చిన డీఎన్ఏ ముక్కలు పొడుగ్గా ఉంటే నిన్నమొన్నటి కలయిక, తరాలు గడిచేకొద్దీ తెగి పొట్టివవుతాయి.

లంకగడ్డి: గొట్టాల సంగతి ఎవరడిగారు? నాటుది అంటేనే మీకు చిన్నచూపు.

పడ్డదూడ: చిన్నచూపా! అసలు మాట బయటపెట్టండి. వేరే జాతి అని తేలితే ముర్రా సూదులు ఆపమంటారు, అంతేగా?

లంకగడ్డి: అవును, అదే అంటున్నాను. అన్ని ఊళ్లలో కాదు, సూది సరిగా అందని లంకల్లో మిగిలిన కాసిని మందల్లో. పూర్తిగా కలిసిపోయాక ఏ చిప్పూ ఆ గేదెని తిరిగి తెచ్చివ్వదు.

పాలక్యాను: ఇది ముందే చెప్పాల్సిందండి.

పడ్డదూడ: సరే, ఆ మందకి నాటు దున్నపోతుని ఏడాది పొడుగునా మేపేదెవరు? పాలు తగ్గిన ఇంటికి లోటు పూడ్చేదెవరు? గడ్డి, తవుడు, పాల లెక్క ఇక్కడ రాయండి. నమూనాలు ఏ లంకలో తీయాలో నేను రాస్తాను.